సంచిలో వెలిగిన లైటు

కొండలెక్కే వాళ్ల సామాన్లమ్మే దుకాణంలో అడుగు పెట్టీ పెట్టకముందే మరిది అందుకున్నాడు.

"మా వదినకి స్విచ్చు బాగా పెద్దగా ఉన్న లైటు చూపించండి. ఆపడం మరిచిపోతుంది."

దుకాణదారు నవ్వాడు. పక్కనే ఉన్న భర్త కూడా నవ్వాడు. ఆమెకి ఒళ్లు మండింది ఆ రెండో నవ్వుకే.

ఏడాదిగా ఇదే పాట. పోయినేడు కొండ దిగుతుంటే చీకటి పడింది. నుదుటికి కట్టుకునే లైటు సంచిలోంచి తీసేసరికి చచ్చి ఉంది. రాళ్ల మీద జారి ఆమె మణికట్టు విరిగింది. ఆపకుండా సంచిలో పడేసిందని మరిది అక్కడికక్కడే తీర్పిచ్చాడు. "ఆపాను" అన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. అత్తగారి నోటినుంచి చుట్టాలందరికీ పాకింది. రానురాను ఆమెకే తన మీద నమ్మకం పోయింది. పొయ్యి కట్టేశాక మూడుసార్లు వెనక్కెళ్లి చూసుకునేది.

మరిది ఒక లైటు తీశాడు. "మనం కొన్నది ఇదే కదా? తేలిక, వెలుగు దండిగా. తప్పు లైటుది కాదు వదినా, దాన్ని పెట్టుకున్న తలది."

"ఇటివ్వు."

ఆమె దాన్ని వెలిగించి, ఆపింది. "ముగ్గురూ చూశారుగా? ఆరిందా?"

"ఆరింది. ఇప్పుడీ గారడీ ఏంటి?" విసుక్కున్నాడు భర్త.

ఆమె దాన్ని తన సంచిలో వేసింది. పైన నీళ్ల సీసా, దాని మీద స్వెటరు కుక్కింది. సంచి భుజాన తగిలించుకుని గుమ్మం దాకా నడిచొచ్చి, కొండమీద దించినట్టే దబ్బున కింద పెట్టి, దాని మూతి విప్పింది.

సంచి లోపల పట్టపగల్లా ఉంది.

ఎవరూ నవ్వలేదు. దుకాణదారు మరిది వైపు చెయ్యి చూపిస్తూ ఆమెతో అన్నాడు. "దీని బొత్తాం పైకి పొడుచుకుని ఉంటుందమ్మా, సామాన్ల ఒత్తిడికి నొక్కుకుపోతుంది. సంచిలో పెట్టేటప్పుడు ఒక బ్యాటరీ తిరగేసి పెట్టుకోమని ఈ సారుకి అప్పుడే చెప్పానే!"

"నీకు తెలుసన్నమాట," అంది ఆమె.

"గుర్తులేదు వదినా. ఎన్నని గుర్తుంటాయి?"

"నీది మాత్రం వెలిగింది ఆ రోజు. ఫోన్ తియ్. మీ అమ్మకి చెప్పు."

"పోనీలే, ఇంత చిన్నదానికి..." అన్నాడు భర్త.

"విరిగింది మీ చెయ్యి కాదుగా."

మరిది ఫోన్ తియ్యలేదు. ఆమె వెలుగుతున్న లైటు సంచిలోంచి తీసి బల్ల మీద పడేసి, బొత్తానికి తాళం ఉన్న రకం చూపించమని దుకాణదారుని అడిగింది. మూడు సెకన్లు నొక్కిపెడితే తాళం పడుతుందన్నాడు. అదీ సంచిలో కుక్కి, నడిచి, దించి చూసింది. చీకటి. కాస్త బరువే. అయినా అదే తీసుకుంది, ఒక్కటే.

"మరి మాకో?" అన్నాడు భర్త.

"మీ తమ్ముడున్నాడుగా, దారి చూపించడానికి. కొండకి నేనూ వస్తా. ముందు నేను నడుస్తా. వెనక రావడం, మానడం మీ ఇష్టం."

ఆమె వదిలేసిన లైటు బల్ల మీద ఇంకా వెలుగుతోంది. మరిది కోపంగా నొక్కాడు. సన్నబడింది. మళ్లీ నొక్కాడు. ఎర్రగా మారింది. ఇంకోసారి నొక్కితే టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది.

గుమ్మం దగ్గర ఆమె వెనక్కి తిరిగింది.

"ఏం మరిదిగారూ, ఆపడం మరిచిపోయారా?"