తొమ్మిది మార్కుల బండి

"సంతకం పెట్టు బాబాయ్," అన్నాడు ఎడిటర్. "నాలుగింటికల్లా ఈ కాగితం బండి కంపెనీ వాళ్ళ చేతిలో ఉండాలి."

షెడ్డు మధ్యలో బండి నిలబడి ఉంది. ఎడమవైపు రంగంతా చెక్కుకుపోయింది. సామాను పెట్టె సగానికి చీలింది. కిందున్న సెంటర్ స్టాండు కొస మాత్రం రోడ్డుకి రాసుకుని వెండిలా మెరుస్తోంది. నాలుగు రోజుల కిందట ఆ బండి నడిపింది నేను. వెనక మా అక్క కూర్చుంది. ఇప్పుడు అక్క కాలిలో ఒక స్టీలు ప్లేటు, ఏడు స్క్రూలు. నా ఎడమ చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో వేలాడుతోంది.

మాది మోటార్ సైకిళ్ళ పత్రిక. నేను బండి నడిపి మార్కులేస్తాను. అక్క వెనక కూర్చుని, వెనక కూర్చున్న మనిషి సుఖదుఃఖాలు రాస్తుంది. బాబాయ్ మా ఇద్దరికీ చుట్టం కాదు. ఆఫీసులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. పద్దెనిమిదేళ్ళుగా మెకానిక్. టెస్టుకొచ్చిన బండిని ముందు ఆయన సరిచెయ్యాలి, తర్వాతే మేం ఎక్కాలి. ఆయన పెట్టిన సెట్టింగు మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. అది మా నియమం.

"బిగించాను సార్," అన్నాడు బాబాయ్. "ఇరవై క్లిక్కులు. లెక్కపెట్టి మరీ."

"రిజిస్టర్లో ఇరవై ఉంది. బండి మీద సున్నా ఉంది. నన్నేం చెయ్యమంటావు?"

ఆ బండి సీటు కింద చేత్తో తిప్పే నాబ్ ఒకటి ఉంటుంది. అది ఒక్కో క్లిక్కు తిప్పేకొద్దీ వెనక స్ప్రింగు బిగుస్తుంది. ఒక్కరే వెళ్తుంటే వదులుగా ఉన్నా పరవాలేదు. ఇద్దరు మనుషులు, రెండు పెట్టెల సామాను ఎక్కితే మాత్రం బిగించి తీరాలి. లేకపోతే బండి వెనక్కి కూలబడుతుంది. మలుపులో వంగినప్పుడు స్టాండు రోడ్డుకి తన్నుకుని వెనక చక్రాన్ని గాల్లోకి లేపేస్తుంది. మాకు జరిగింది అదే.

"అయితే దానంతటదే విప్పుకుందా?" అన్నాను నేను. "ముట్టుకోకుండానే రాసేశావు. ఒప్పుకోవడానికి నోరు రావట్లేదు, అంతే."

నాలుగు రోజుల్లో ఆయనతో నేనన్న మొదటి మాట అది. ఆయన సంతకం పెడుతుంటే కళ్ళారా చూడాలనే వచ్చాను. బాబాయ్ నావైపు చూడలేదు. నూనె గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"దీని మీద సంతకం పెడితే నన్ను ఇంకే షెడ్డు గుమ్మమూ ఎక్కనివ్వరు సార్," అన్నాడు ఎడిటర్‌తో. "స్ప్రింగు బిగించడం మర్చిపోయి ఆడపిల్ల కాలు విరగ్గొట్టాడంటారు. యాభై ఎనిమిదేళ్ళొచ్చి కొత్త పని ఏం నేర్చుకోను?"

"మా బండిలో లోపం లేదని తేలిపోయింది. మాకు అది రాసిస్తే చాలు," అన్నాడు కంపెనీ మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో సీలు వేసిన కవరు. "ఎలాగూ వచ్చాను కాబట్టి మార్కులు కూడా చూసేస్తే పనైపోతుంది."

మార్కుల కాగితాలు ఎవరికి వాళ్ళం నింపి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే కవర్లో వేసి అంటిస్తాం. ఇంజను, బ్రేకులు, మైలేజీ అన్నీ అయ్యాక ఆఖర్న ఒక గడి ఉంటుంది. 'మనసు పడటం.' పనేమీ లేకపోయినా రేపు పొద్దున ఈ బండెక్కాలనిపిస్తుందా, లేదా? స్పోర్ట్స్ టూరింగ్ బండికి ఆ గడిలో మార్కు తెచ్చుకోవడం మహా కష్టం. పందెం బండిలా ఒరగాలి, పెట్టేబేడా మోస్తూ పొద్దస్తమానం నడుంనొప్పి లేకుండా తీసుకుపోవాలి. రెంటిలో ఏదో ఒకటి తప్పకుండా చెడుతుంది. నేను ఆ గడిలో ఏడు దాటి ఎప్పుడూ వెయ్యలేదు. ఈ బండికి మాత్రం ఆ పొద్దున, ఆవరణలో ఒక్కదాన్నే నెమ్మదిగా నడిపి చూసే టెస్టు అవగానే, తొమ్మిది వేశాను.

కంపెనీ మనిషి కవరు చించి పైకే చదివాడు. "'నెమ్మది టెస్టులో పాదాలు రెండూ పూర్తిగా నేలకి ఆనాయి. ఇంత పెద్ద బండి మీద బెరుకు లేకుండా కూర్చోవడం నాకిదే మొదటిసారి. తొమ్మిది.' చాలా బాగా రాశారు మేడమ్. పొట్టివాళ్ళ కోసమే పుట్టిన బండి అని ప్రకటన వేసుకోవచ్చు."

పొట్టి అన్న మాట నాకు కొత్త కాదు. ఆఫీసులో నా పేరే పిట్ట. పోయిన నెల ఒక ఎత్తైన బండి ఆపబోయి, కాలు అందక, మూడు కంపెనీల వాళ్ళ ముందు నిలువునా పడ్డాను. ఆ వీడియో చూడని ఫోను లేదు.

కానీ అప్పుడు నన్ను గుచ్చింది ఆ మాట కాదు.

"ఇంకోసారి చదవండి," అన్నాను.

"ఏది, తొమ్మిదా?"

"పాదాలు."

చదివాడు. నేను బాబాయ్ వైపు తిరిగాను. టెస్టుకి ముందురోజు సాయంత్రం ఆయన ఇరవైకి బిగించాక నన్నే ఎక్కి కూర్చోమన్నాడు. మునివేళ్ళు మాత్రమే అందాయి. 'నిచ్చెన చేయించమంటావా పిట్టా' అని ఏడిపించాడు కూడా. నేను దిగాక షెడ్డుకి తాళం వేశాడు. మర్నాడు పొద్దున అదే బండి మీద నా పాదాలు రెండూ పూర్తిగా ఆనాయి. కొత్త బూట్ల మడమలు ఎత్తుగా ఉన్నాయి, అందుకే అనుకున్నాను. అనుకున్నానేమిటి, అలా అనుకోవడం నాకు ఇష్టమైంది. స్ప్రింగు వదులైతే సీటు కిందికి దిగుతుందని తెలియని దాన్నా నేను?

"బాబాయ్ బిగించాడు," అన్నాను. "పొద్దున ఎవరో విప్పారు."

బాబాయ్ చేతిలో గుడ్డ ఆగింది. పిట్ట ఇప్పటికి కళ్ళు తెరిచిందా అన్నట్టు కూడా చూడలేదు ఆయన. ఒక్క నిట్టూర్పు విడిచాడు, అంతే. దానికి బదులు రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

"ఇప్పుడు డిటెక్టివ్ కథలు మొదలుపెట్టకు," అన్నాడు ఎడిటర్.

"నాలుగింటి దాకా టైముందిగా." కంపెనీ మనిషి మీదకి వెళ్ళాను. "పొట్టిదానికి కాళ్ళు అందితే మార్కులు పడతాయని ఎవరికి తెలుసు? నువ్వే తిప్పావు."

"నోరు అదుపులో పెట్టుకోండి మేడమ్."

"ఒక మనిషి కాలు విరిగింది. నా నోటికేం అదుపు?"

"ఆయన కాదే తల్లీ," అన్నాడు గోడ దగ్గరున్న ఫొటోగ్రాఫర్. కెమెరా తెర మీద ఆ రోజు ఫొటోలు వెనక్కి తిప్పుతున్నాడు. "ఇదిగో, పొద్దున ఏడింటికి బండి బయటికి తెచ్చినప్పుడు. వెనక టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడు. ఇది ఏడూ ఇరవైకి. ఖాళీ తగ్గింది. ఆ ఇరవై నిమిషాలూ ఈయన నా కెమెరా ముందు ఉపన్యాసం ఇస్తున్నాడు. మొహం మెరుస్తోందంటే పౌడరు కూడా నేనే రాశాను."

కంపెనీ మనిషి గొంతు సవరించుకున్నాడు.

"మరి నువ్వెక్కడున్నావు బాబాయ్?" అన్నాను.

"పెట్రోలుకి వెళ్ళాను. బిల్లు మీద టైముంది," అన్నాడు బాబాయ్.

"నావైపు చూడకు," అన్నాడు ఎడిటర్. "నేను పైన ఫోన్లో ఉన్నాను. నా అరుపులు వీధంతా విన్నారు."

"అక్క ఉంది కదా," అన్నాను. "మెట్ల మీదే కూర్చుంది. ఎవరు తిప్పారో చూసే ఉంటుంది. వెళ్ళి అడిగొస్తా. అప్పటిదాకా సంతకాలు లేవు."

ఫొటోగ్రాఫర్ ఏదో అనబోయి మానుకున్నాడు. "పద, దింపుతాను," అన్నాడు.

ఆయన స్కూటర్ వెనక కూర్చున్నాను. దారంతా ఒక్కటే పని, ఆ చెయ్యెవరిదో దొరికితే ఏం చెయ్యాలా అని ఆలోచించడం. హాస్పిటల్ దగ్గర తను కింద ఆగిపోయాడు. రెండో అంతస్తుకి మెట్లెక్కే వెళ్ళాను. లిఫ్టు కోసం నిలబడే ఓపిక లేదు.

అక్క దిండుకి ఆనుకుని, బాగున్న మోకాలి మీద అట్ట పెట్టుకుని తన వ్యాసం రాసుకుంటోంది. ఇంకో కాలు గుడ్డ ఉయ్యాలలో పైకి వేలాడుతోంది.

"అన్నం తిన్నావా?" అంది.

"బాబాయ్ చేత సంతకం పెట్టిస్తున్నారు. తప్పు ఆయనదేనని. ఉద్యోగం కూడా పోతుంది. ఆ పొద్దున బండి దగ్గరికి ఎవరొచ్చారు?"

పెన్ను ఆగింది. "పెట్టేశాడా?"

"ఇంకా లేదు. ఎవరొచ్చారు?"

"ముందు కూర్చో."

"కూర్చోను."

"నేనే తిప్పానే," అంది.

పక్క మంచం ఆవిడ తెర వెనక దగ్గుతోంది.

"పోయిన నెల నువ్వు పడ్డాక కుళాయి విప్పుకుని మరీ ఏడ్చావు. నాకు వినపడదనుకున్నావా? మళ్ళీ వాళ్ళ ముందే టెస్టు. పొద్దున నెమ్మది టెస్టేగా, సామాను లేదు, నేనూ ఎక్కను. వదులు చేస్తే ఏమవుతుందనుకున్నా. మధ్యాహ్నంలోగా మళ్ళీ బిగించేద్దామనుకున్నా. మబ్బు పట్టేసరికి, వాన రాకముందే రోడ్డు టెస్టుకి పొమ్మని ఎడిటర్ తరిమాడు. పెట్టెలు తగిలించేశారు."

"మర్చిపోయావు," అన్నాను. అవునంటే చాలు. నిజం, ఆ ఒక్క మాటతో సరిపెట్టుకునేదాన్ని.

అక్క అట్ట పక్కన పెట్టింది. "లేదు. కొండ మలుపులు మొదలవగానే గుర్తొచ్చింది."

"హెల్మెట్లో మైకుంది. అందులో అంటే నా చెవిలో చెప్పినట్టే."

"నువ్వు పాట పాడుతున్నావు. నెల తర్వాత మొదటిసారి. పైకెళ్ళి ఆగాక చెబుదామనుకున్నా."

"నన్నడిగి తిప్పొచ్చుగా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు. అందుకే అడగాలి." "చిన్నప్పుడు సైకిలు నేర్పిస్తూ సీటు వదిలేశానన్నావు. వదల్లేదు. వీధి చివరిదాకా పట్టుకునే పరిగెత్తావు. నేనే తొక్కేశానని క్లాసంతా చెప్పుకుని తిరిగాను. నువ్వు ఇంకా అదే సీటు పట్టుకుని ఉన్నావు. నేను తొమ్మిది వేసిన బండి అసలు ఏ షాపులోనూ దొరకదు, తెలుసా? అది నువ్వు చేసిన బండి."

"నీ కోసమే కదే."

"నాలుగు రోజులు ఈ కుర్చీలో కూర్చుని బాబాయ్‌ని నానా మాటలూ అన్నాను. చేతులు పడిపోవాలన్నాను. నువ్వు విన్నావు. అది కూడా నా కోసమేనా?"

అక్క దుప్పటి అంచు మడత పెడుతూ, చాలా నెమ్మదిగా అంది. "చెప్పకు. చెబితే మళ్ళీ ఏ బండి మీదా నన్ను కూర్చోనివ్వరు. నాకు ఇంకేం చేతనవును? బాబాయ్ పనిమంతుడు. ఎక్కడో అక్కడ బతికేస్తాడు."

పనిమంతుడట. ఆ మాట వినకుండా ఉంటే బహుశా అక్కడే మంచం పక్కన కూర్చుండిపోయేదాన్ని.

షెడ్డుకి వచ్చేసరికి నాలుగుకి ఆరు నిమిషాలు తక్కువ. బాబాయ్ స్టూలు మీద కూర్చున్నాడు. కాగితం టూల్ బాక్స్ మూత మీద పరిచి ఉంది. పెన్ను మూత తీసే ఉంది. ఇంకు కారకుండా ఆయన నిబ్బు పైకి పట్టుకున్నాడు.

"చూసిందా మీ అక్క?" అన్నాడు ఎడిటర్.

నేను కాగితం మీద అరచెయ్యి పెట్టాను. జేబులో ఫోను మోగుతోంది. ఎవరో తెలుసు. తియ్యలేదు. మోగి మోగి ఆగింది, మళ్ళీ మొదలైంది.

బాబాయ్ తలెత్తి నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. బండి చప్పుడు విని రోగం చెప్పే మనిషి. నా మొహంలో ఏం కనపడిందో, ఆయన భుజాలు కిందికి జారాయి.

"చెయ్యి తియ్యమ్మా," అన్నాడు. "వద్దులే. నేను పెట్టేస్తాను."

"ఎందుకు?"

"కాలు విరిగిన పిల్ల. ఈ పరిస్థితిలో ఇంకేం తట్టుకుంటుంది? నాదేముంది."

ఒళ్ళంతా మండిపోయింది. అక్క మీద వచ్చిన కోపం కంటే ఎక్కువ వచ్చింది.

"నా కోసం, మావాళ్ళ కోసం ఇంకెవరూ చాటుగా ఏదీ చెయ్యొద్దు బాబాయ్. నువ్వు కూడా." ఆయన వేళ్ళ మధ్య నుంచి పెన్ను లాగేశాను. గీత ఒకటి కాగితం మీద అడ్డంగా పడింది.

"ఏమిటీ నాటకం?" కంపెనీ మనిషి గడియారం చూసుకున్నాడు. "మెకానిక్ కాకపోతే ఎవరో చెప్పండి. మనిషిని చూపించండి. లేకపోతే పక్కకి జరగండి."

"చెప్పు," అన్నాడు ఎడిటర్. "ఎవరు తిప్పారు?"

ఫోను ఇంకా మోగుతూనే ఉంది.

"మా అక్క," అన్నాను. "నాబ్ తిప్పింది మా అక్క."