పసుపు పూసిన బస్సు

మెకానిక్ పెద్దప్ప బస్సు ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, ట్యాంకులోంచి డీజిలు తోడే ఫీడు పంపు మీటను బొటనవేలితో నొక్కుతున్నాడు. ఫిల్టరు నెత్తిన ఉన్న చిన్న మరను సగం వదులు చేసి పెట్టాడు. మీట నొక్కినప్పుడల్లా ఆ సందులోంచి డీజిలు ఉబికి ముంజేతి మీదుగా మోచేతి దాకా కారుతోంది. బుడగ ఒక్కటి లేదు. ధార ఎక్కడా తెగడం లేదు. ఇంత బాగా ఉండడమే ఆయనను భయపెట్టింది.

దసరా వెళ్ళిన దగ్గరనుంచి ఈ బస్సుకు జబ్బు పట్టుకుంది. హిందూపురంలో హుషారుగా బయలుదేరుతుంది. సోమందేపల్లి దాటాక రొప్పడం మొదలుపెట్టి, ఎంత తొక్కినా బలం రాక, నడిరోడ్డు మీద ఆగిపోతుంది. డీజిలు అయిపోయిందేమోనని డ్రైవరు ఓబులేసు ట్యాంకు మూత తీసి పుల్ల ముంచి చూస్తాడు. డీజిలు ఉంటుంది. మూత బిగించి, మీట కాసేపు కొట్టి స్టార్టు చేస్తే, ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. షెడ్డుకు తెస్తే పెద్దప్ప కూడా ముందు మూత తీసి డీజిలు చూసుకున్నాకే పనిలోకి దిగుతాడు. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి పైపు వెంబడే ఇంజను దాకా పోవడం ఆయన పద్ధతి.

ఇంజనుకు డీజిలు చాలినంత ఒత్తిడితో అందడం లేదు. అది తెలుస్తూనే ఉంది. ఎందుకు అందడం లేదన్నదే అంతుపట్టదు. ఫిల్టరు మార్చాడు. పంపు విప్పి వాల్వులు కడిగి, స్ప్రింగు కొత్తది వేశాడు. కీళ్ళన్నిటికీ రాగి వాషర్లు మార్చాడు.

"ఏమన్నా, దొరికిందా?" అన్నాడు ఓబులేసు బీడీ పారేస్తూ.

"యాడప్పా. ఈడికొస్తే బాగుంటాది. ఈపొద్దు నేనూ వస్తాండా. నీ పక్కనే కూర్చుంటా."

పెద్దప్ప తాడును చూసి పామనుకునే రకం. పుట్టింది ధర్మవరంలో, మగ్గం మీద బతికే ఇంట్లో. మగ్గం గుంటలో తండ్రి కాలికి తేలు కుట్టడం చూశాక మళ్ళీ ఆ గుంటలోకి దిగనన్నాడు. పరిగిలో ఎవరి బావి దగ్గరో ఆయిలింజను చూసుకుంటూ పని నేర్చి, హిందూపురం బస్సుల షెడ్డులో స్థిరపడ్డాడు. పెట్రోమాక్సు లైటు కూడా దండం పెట్టి వెలిగిస్తాడని షెడ్డులో నవ్వుకుంటారు. బిగించిన బోల్టును మళ్ళీ బిగిస్తాడు. ఇంటికి పోయి, అన్నం ముందు కూర్చుని, బిగించానా లేదా అని చెయ్యి కడిగేసుకుని వెనక్కి వస్తాడు. భార్య పుట్టమ్మ తిట్టి తిట్టి మానుకుంది. ఆయన చెయ్యి పడిన బస్సు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కటీ బోల్తా పడలేదు.

ఈ రోజు భయం వేరు. కూతురు కమలాక్షిని ధర్మవరంలో సొంత అక్క కొడుక్కే ఇచ్చాడు. తొలికాన్పుకు పుట్టింటికి రావడానికి ఇవాళే మంచిరోజు చూశారు. నిండు నెలల మనిషి ఈ బస్సులోనే రావాలి. ధర్మవరానికీ పెనుకొండకూ నడుమ కాపలా లేని రైలు గేటు ఒకటుంది. గేటు అనడమే గానీ అక్కడ గేటూ లేదు, మనిషీ లేడు. ఎత్తెక్కి పట్టాలు దాటి దిగడమే. బస్సు ఆ పట్టాల మీద ఆగినట్టు పెద్దప్పకు కొన్నాళ్ళుగా కళ్ళు మూసినా తెరిచినా కనిపిస్తోంది.

పోయేటప్పుడు సోమందేపల్లి దాటాక బస్సు ఎప్పటిలాగే ఆగింది. పెద్దప్ప దిగి పానా వెతుక్కునేలోగా ఓబులేసు అలవాటు కొద్దీ మూత తీసి పుల్ల ముంచేశాడు. డీజిలు ఉంది. బస్సు బయలుదేరింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది వాళ్ళ పని.

ధర్మవరంలో కమలాక్షి కొత్త చీర కట్టుకుని, ఒక చెయ్యి నడుముకు ఆనించి, నెమ్మదిగా వచ్చింది. ముఖం నిండుగా ఉంది. "రైల్లో పోదామా తల్లీ" అనే మాట పెద్దప్ప నోటిదాకా వచ్చి ఆగింది. తాను బాగుచేసిన బస్సు ఎక్కొద్దని సొంత కూతురికి ఏ ముఖంతో చెప్తాడు? డ్రైవరు వెనక సీటులో తన తుండుగుడ్డ మడిచి వేసి కూర్చోబెట్టాడు.

ఊరు దాటాక ఆయన ఇంజను చప్పుడు తప్ప ఇంకేదీ వినలేదు. దూరంగా పట్టాల ఎత్తు కనిపించింది. ఇంజను చిన్నగా దగ్గింది.

"ఆపు ఓబులేసూ! ఈడే ఆపు!"

"ఆపితే ఎత్తు ఎక్కదన్నా" అని ఓబులేసు ఇంకా గట్టిగా తొక్కాడు. బస్సు ఎత్తెక్కింది. ముందు చక్రాలు పట్టాలు దాటాయి. వెనక చక్రాలు పట్టాల మధ్యకు వచ్చాయి. ఇంజను ఆగిపోయింది.

బస్సులో అందరూ ఒకేసారి అరిచారు. మగవాళ్ళు దిగి తోశారు. వెనక చక్రం పట్టాకూ కంకరకూ మధ్య ఇరుక్కుని కదలలేదు. కండక్టరు ఎర్ర రుమాలు ఊపుకుంటూ పట్టాల వెంట పెనుకొండ వైపు పరుగెత్తాడు. ఎవరో కమలాక్షిని నడిపించి చేనిగట్టు మీద నిలబెట్టారు. అప్పుడు వినిపించింది కూత, కొండల అవతల నుంచి.

"నాయనా, వచ్చేయ్! బస్సు పోతే పోనీ, రా నాయనా!"

పెద్దప్పకు ధైర్యం వచ్చిందనుకుంటే పొరపాటు. రైల్లో ఎంతమంది కమలాక్షులున్నారో అన్న భయం, పారిపోవాలన్న భయాన్ని మించిపోయింది, అంతే. ఫిల్టరు మర వదులు చేసి మీట నొక్కాడు. చుక్క రాలేదు. మీట రాయిలా బిగుసుకుంది. ఈసారి మూత తీసే తీరిక ఎవరికీ లేకపోయింది. అందుకే జబ్బు మొదటిసారి ఆయన కళ్ళముందు నిలబడింది. పైపు వెంబడి వెనక్కి తడుముకుంటూ పోయాడు. ట్యాంకు దగ్గర రబ్బరు గొట్టం పళ్ళూడిన అవ్వ బుగ్గలా లోపలికి పీక్కుపోయి ఉంది.

డీజిలు ఖాళీ అయిన చోట నిండడానికి ట్యాంకు లోపలికి గాలి పోవడం లేదు. పోవలసిన చోటు ఒక్కటే. మూతను రెండు చేతులా పట్టి తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి దూకింది. చేతి కింద గొట్టం మళ్ళీ గుండ్రమైంది. మూతను జేబులో పడేసుకుని పరుగున వచ్చి మీట కొట్టాడు. ముందు నురగ వచ్చింది, తరువాత బుడగలు, ఆ తరువాత తెగని ధార. మర బిగించాడు.

"కొట్టు!"

ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. బస్సు ఒక్క ఊపున పట్టాలు దిగి అవతల ఆగింది. అది చూసి కండక్టరు రుమాలు దించి పట్టాల పక్కకు తప్పుకున్నాడు. కాసేపటికి రైలు కూత వేసుకుంటూ పోయింది. కిటికీలోంచి ఎవరో పిల్ల చెయ్యి ఊపింది.

కమలాక్షి ఏడుస్తూ వచ్చి తుండుగుడ్డ ఇచ్చి ముఖం తుడుచుకోమంది. ఆయన చేతులు తుడుచుకున్నాడు. గుడ్డ మీద డీజిలుతో పాటు పచ్చటి మరకలు పడ్డాయి. అప్పుడు జేబులోంచి మూత తీసి చూశాడు. దాని నడుమ గాలి కోసం వేసిన సూది బెజ్జం పసుపుతో పూడిపోయి ఉంది. ఆయుధపూజ నాటి పసుపు, గంధం, దుమ్ము కలిసి సున్నంలా గట్టిపడ్డాయి.

ఆ పసుపు పూసింది ఆయనే. ఏటా చక్రాలకూ ఇంజనుకూ బొట్లు పెట్టేవాడు. ఈ ఏడు కూతురు ఎక్కబోయే బస్సని మూతను కూడా వదలకుండా మందంగా మెత్తాడు.

బస్సు కదిలాక కూతురి పక్కన కూర్చుని, ఆమె పిన్నీసు తీసుకుని ఆ బెజ్జాన్ని గీకాడు.

"గోటితో పోయేదానికి ఇంతమందిని చంపబోతినే. నీకేమీ కాకూడదని నేనే పూసినానమ్మా."

"పోనీలే నాయనా. ఏమీ కాలేదు కదా. మూత యాడ? బిగించాల కదా?"

"ఇదిగో నా చేతిలోనే ఉండాది. ఇంక దీన్ని నమ్మను. తుండుగుడ్డ కుక్కినాలే. గుడ్డలోంచి గాలి పోతాది."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. పెనుకొండ దాటాక తల కూతురి భుజం మీద వాలింది. అలసిపోయాడని ఆమె కదలలేదు. భుజం తిమ్మిరెక్కినా, లేపితే మళ్ళీ దేనికో భయపడతాడని ఊరుకుంది.

హిందూపురంలో అందరూ దిగారు. "అన్నా, ఊరొచ్చింది" అని ఓబులేసు పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. పెద్దప్ప గుండె దారిలోనే ఆగిపోయిందని ఆసుపత్రిలో చెప్పారు. ఏ ఊరి దగ్గర ఆగిందో ఎవరూ చెప్పలేకపోయారు.

తరువాత బస్సు మళ్ళీ ధర్మవరం పోయింది, ఎక్కడా ఆగకుండా. బెజ్జం శుభ్రమైన మూతను ఓబులేసు సీటు కిందే ఉంచాడు. ట్యాంకు మూతిలో పెద్దప్ప తుండుగుడ్డ అట్లాగే ఉంది, ఒక కొస బయటికి వేలాడుతూ, దాని మీద ఐదు పచ్చటి వేళ్ళ మరకలతో.