పేరు పలకని ప్రార్థన

ఏలూరు మిషను బోర్డింగులో మా ఫోర్తు ఫారం పిల్లలకు హన్నమ్మ టీచరుగారంటే భయం లేదు, ఆవిడ ప్రార్థనంటేనే హడలు. పిల్లల కష్టసుఖాలు కనుక్కోవడం ఆవిడకు అప్పగించిన పని. శనివారం సాయంత్రం వరండాలో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి, "నీ మనసులో ఏముందో చెప్పమ్మా" అనేవారు. చెప్పామా, ఆదివారం గుడిలో పేరు పెట్టి మరీ ప్రార్థించేవారు. "ప్రభువా, మా విక్టోరియా కోపం అణచవయ్యా" అని వేడుకున్నారోసారి. పెంటపాడు నుంచి చూడవచ్చిన మా నాన్నగారి ముందే నా పరువు గంగలో కలిసింది. మనిషి మంచిది, అందుకే మరీ ఒళ్ళు మండేది. ఆ తర్వాత ఆవిడ ఏమడిగినా అందరం "బాగానే ఉన్నామండీ" అనేవాళ్ళం.

గంగారత్నం కొల్లేటి లంక పిల్ల. వాళ్ళ నాన్న భీమరాజు చేపలు పట్టి ఏలూరు తెచ్చి అమ్మేవాడు. ఒకనాడు వంటశాలలో మరిగే గంజి తపేలా దాని మోచేతికి ఆనుకుంది. చర్మం కాలుతున్నా అది కబుర్లు చెబుతూనే ఉంది. చెయ్యి లాగి చూద్దును కదా, అక్కడ పాలిపోయిన మచ్చ!

"నీకు దణ్ణం పెడతానే, టీచరుగారికి చెప్పకు. పెద్దరోగమని, కుష్ఠని ఆదివారం ఊరంతా వింటుంది. మా నాన్న చేపలు ఇంకెవరు కొంటారే?"

"చెప్పకపోతే చెయ్యే పోతుందే, పిచ్చిదానా!"

అది ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే దాని రెక్క పట్టుకుని వరండాకు ఈడ్చుకెళ్ళాను.

"ఒకటి చెబుతామండీ. కానీ మీరు దేవుడికి కూడా పైకి చెప్పకూడదండీ," అన్నాను.

ఆవిడ ముఖం వాడిపోయింది. "అందుకా మీరెవ్వరూ నాకేమీ చెప్పరు?"

"అవునండీ," అనేశాను.

మచ్చ చూడగానే ఆవిడకు అర్థమైంది. భీమరాజుకు మాత్రం కబురంపి, మర్నాడే తాను తోడు వెళ్ళి గంగారత్నాన్ని దూరానున్న ఆసుపత్రిలో చేర్చి వచ్చారు. సూదిమందుకు లొంగుతుందని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట.

ఆదివారం గుడిలో అందరూ చెవులు రిక్కించారు. హన్నమ్మగారు లేచి కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, నీకు తెలుసు," అని కూర్చున్నారు.

అంతే, బోర్డింగంతా భగ్గుమంది. "హిందువుల పిల్లని గెంటేశారు. పేరెత్తడానికైనా నోరు రాలేదు చూశావా!" అంది మా తరగతి రాజకుమారి. పాస్టరుగారు నిలదీసినా ఆవిడ పెదవి విప్పలేదు. శనివారం వరండాకు ఒక్క పిల్లా వెళ్ళలేదు. ఖాళీ బల్ల పక్కన ఆవిడ చీకటిపడేదాకా కూర్చునే ఉన్నారు.

మర్నాడు గుడిలో నేను లేచి నిలబడ్డాను. "అసలేం జరిగిందో తెలుసా మీకు?" అని అందరి ముందూ అరిచాను.

హన్నమ్మగారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. "కూర్చో అమ్మా," అన్నారు.

కూర్చున్నాను. రాజకుమారి కిసుక్కున నవ్వింది. గేటు అవతల భీమరాజు ఖాళీ అయిన చేపల గంప నెత్తిన బోర్లించుకుని ఇంటికి పోతున్నాడు.