తల్లి లేని కంపెనీ

అంపోఫో గిన్నెల బట్టీలో నెత్తురు పారింది గురువారం పట్టపగలు, పదకొండు గంటలకు. కుమాసి ఊళ్లో మ్యాగజైన్ అనే ఇనుప పనివాళ్ల పేటలో సుత్తుల మోత ఎంతటిదంటే, మనిషి పుర్రె చిట్లిన చప్పుడు పక్క షెడ్డువాడికి కూడా వినపడలేదు. వినపడినా వాడు లేచి రాడు. ఆ పేటలో రోజూ ఏదో ఒకటి పగులుతూనే ఉంటుంది.

ఇదంతా ఒక దరఖాస్తు కాగితం మీద వచ్చింది. దాన్ని తెచ్చింది అంపోఫో భార్య దుఫియే.

అశాంతి అనే మా తెగవాళ్లలో వంశం తల్లి వైపు నడుస్తుంది. మగవాడు పోతే అతని సొత్తు మేనల్లుడిది. పెళ్లాం వేరే వంశం, ఆమె కన్న పిల్లలూ ఆమె వంశమే. అందుకని వాళ్లకు మిగిలేది ఏడుపొక్కటే. దుఫియేకు తొమ్మిదేళ్లప్పుడు తండ్రి పోతే, ఆయన వంశం వాళ్లు వచ్చి తల్లిని ఒక్క వంటగిన్నెతో ఇంట్లోంచి గెంటారు. గిన్నె తల్లి నెత్తిన, దాని మూత దుఫియే చేతిలో. ఆ దారంతా ఆమె ఏడవలేదు, పళ్లు కొరుక్కుంటూ నడిచింది.

పెళ్లయ్యాక ఆమె, అంపోఫో కలిసి బట్టీ పెట్టారు. పాత ఇంజన్ల పిస్టన్లు, పగిలిన సైకిల్ భాగాలు ఊరంతా తిరిగి ఏరుకొచ్చేది ఆమె. వాటిని కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి, గిన్నెలు చేసేది అతను. రెండేళ్ల కిందట తడిసిన ఇసుకలో కరిగిన లోహం పడి పైకెగిరి అతని ఎడమ కన్ను తీసుకుపోయింది. వంశం పెద్ద ఓబిరి ఆసుపత్రికి వచ్చాడు. వచ్చీ రాగానే ఆయన అడిగింది షెడ్డు తాళం ఎక్కడుందని. తమ్ముడు వరసవాడికి నొప్పిగా ఉందా అని మాత్రం అడగలేదు. పక్కనే కూర్చున్న దుఫియే ఆ మాట విని ఇంకెన్నడూ మరిచిపోలేదు.

పోస్టాఫీసు ముందు టైపు మిషను పెట్టుకుని కూర్చునే ఓకాయ్ అనే, రాజధాని అక్రా నుంచి వచ్చిన మనిషి దగ్గరికి ఆమె వెళ్లింది. దుకాణాన్ని సర్కారు పుస్తకంలో రాయించడానికి ఎన్ని పద్ధతులున్నాయో చెప్పమంది.

"మూడున్నాయమ్మా. ఒక్కడి పేరు మీద పెడితే, వాడు పోయిన రోజే దుకాణం వాడి వంశం చేతికి పోద్ది. భాగస్తులుగా పెడితే, ఒక భాగస్తుడు పోయినప్పుడల్లా వాడి వంశం వాకిట్లో కూచుంటది. ఇక కంపెనీ అంటావా, అది చావదు."

"చావకపోవడమేంటయ్యా? పోత పోసిన గిన్నె కూడా ఒకనాటికి పగుల్తది."

"దానికి తల్లి లేదు కదమ్మా. తల్లి లేనిదానికి వంశం ఎక్కణ్నించి వస్తది? ఏ పెద్దమనిషి వచ్చి ఇది మావాడిదంటాడు?"

దుఫియే ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచింది. ఓకాయ్ ఇంకా రెండు ముక్కలు చెప్పాడు. వాటాలు అంపోఫో పేరున ఉంచొద్దు, ఉంచితే అవి కూడా వంశానికి పోతాయి. డైరెక్టర్లు మాత్రం ఇద్దరుండాలి. వాటాలన్నీ దుఫియేకి, డైరెక్టర్లు భార్యాభర్తలు అని కాగితం తయారైంది. బట్టీని, సామానును కంపెనీకి ఇచ్చేస్తున్నట్టు అంపోఫో ఒక్క సంతకం పెట్టాలి, అంతే.

అంపోఫో కాగితం చూసి బ్రేన్యా పేరేదని అడిగాడు. బ్రేన్యా అతని అక్క కొడుకు. పన్నెండేళ్లప్పుడు బట్టీలోకి వచ్చాడు, ఇప్పుడు ఇరవై తొమ్మిది. పదిహేడేళ్లు జీతం లేకుండా బొగ్గు మోశాడు, మోచేతుల దాకా కాల్చుకున్నాడు. మామ కన్ను పోయాక పోత పోసేదంతా వాడే. జీతం ఎవరూ ఇవ్వలేదు, వాడూ అడగలేదు. ఎప్పటికైనా తనదయ్యే బట్టీలో తనకు జీతమేమిటి?

వాడి పేరు రాస్తే వాడి వెనక వంశమంతా దూరుతుందని, చివరికి తాను రోడ్డున పడతానని దుఫియే మొండికేసింది. అంపోఫో రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు సరే అన్నాడు. ఆమె చేసిన తప్పు ఇదే. పదిహేడేళ్ల చెమటను కళ్లారా చూసి, చూడనట్టు నటించింది.

అంపోఫో తప్పు ఇంకోటి. మా వాళ్లలో బతికుండగా భార్యకో పిల్లలకో ఏదైనా ఇవ్వాలంటే వంశం పెద్దను పిలిచి నలుగురిలో చెప్పాలి. పుచ్చుకున్నవాళ్లు కృతజ్ఞతగా జిన్ను సారా సీసా అందించాలి. పెద్ద అందులోంచి తాగితే ఇచ్చింది ఇచ్చినట్టు. తాగకపోతే అది దొంగసొత్తు. నోరు మూసుకుని సంతకం పెట్టు, అక్రా నుంచి ముద్ర పడి వచ్చాక చెప్పుకోవచ్చు అని ఓకాయ్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. అంపోఫో వినలేదు. తన చెమటను తాను పంచుకోవడానికి తలుపు చాటున నక్కాల్సిన ఖర్మ తనకు పట్టలేదన్నాడు. సర్కారు ముద్ర కన్నా ఆ గుక్కెడు జిన్ను గట్టిదని అతని నమ్మకం.

అలా గురువారం ఓబిరి షెడ్డుకు వచ్చాడు. వెంట ఇద్దరు ముసలివాళ్లు. బట్టీలో లోహం అప్పటికే మరుగుతోంది, ఆపడానికి లేదు. అందుకని బ్రేన్యాని పోత పోస్తూనే ఉండమన్నారు. విషయం ఏమిటో వాడికి ఎవరూ చెప్పలేదు. పెద్దలు వచ్చారు కాబట్టి తనను వారసుడని చెప్పబోతున్నారనుకున్నాడు పాపం. ఆ పొద్దున ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు.

అంపోఫో నేల మీద నాలుగు చుక్కలు వంపి, తాతముత్తాతలను పిలిచి, బట్టీ ఇవాళ్టి నుంచి కంపెనీదని, కంపెనీ దుఫియేదని చెప్పాడు. దుఫియే మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా సీసా అందించింది. ఓబిరి సీసా అందుకోలేదు. బ్రేన్యా వైపు చూశాడు. ఆ చూపుతోనే వాణ్ని రాజేశాడు.

బ్రేన్యా పోత గరిటెతో నడిచి వచ్చాడు. "మామా, నేనెవర్ని?" అన్నాడు.

"నా అక్క కొడుకువి. కూచో, చెప్తా."

"పదిహేడేళ్ల నుంచి నిలబడే ఉన్నా. ఇప్పుడు కూచోమంటున్నావా?"

గరిటెలో ఉన్న లోహాన్ని దుఫియే ముందున్న కాగితాల మీద పోసేశాడు. కాగితాలు భగ్గుమన్నాయి. జిన్ను పడి తడిసిన నేల తాకగానే లోహం చిటపటలాడుతూ ఎగిరింది. ఆమె కుడి పాదం మీద పడి చర్మాన్ని ఎముక దాకా తినేసింది. సీసా పగిలింది. ఆమె అరుపు విని అంపోఫో మేనల్లుడి గొంతు పట్టుకున్నాడు. కన్ను పోయిన వైపు నుంచి గరిటె కాడ రావడం అతనికి కనపడలేదు. ఒక్కటే దెబ్బ. కణత మీద. నిలబడ్డవాడు నిలబడ్డట్టే బట్టీ గట్టు మీద పడ్డాడు.

దుఫియే పాకుతూ వెళ్లి పటకారు అందుకుంది. గరిటె పట్టుకున్న చేతి మీద కొట్టింది. మణికట్టు విరిగింది. ఆగలేదు. మోచేతి మీద, భుజం మీద, వాడు కింద పడితే వీపు మీద కొట్టింది. ప్రతి దెబ్బకూ తల్లి నెత్తిన గిన్నె గుర్తొచ్చి ఇంకో దెబ్బ కొట్టింది. బ్రేన్యా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మామ మొహం వైపే చూస్తూ, లేవమని గొణుగుతున్నాడు. ముసలివాళ్లు ఆమెను పట్టుకుని లాగారు.

ఓబిరి అప్పుడు నోరు విప్పాడు. "కాలు జారి గట్టు మీద పడ్డాడు. అందరూ అదే చెప్పాలి. ఇంటి నెత్తురు వీధిలోకి పోకూడదు." ఆసుపత్రిలోనూ అదే రాశారు.

మూడు రోజులు అంపోఫో బతికాడు. మాట పోయింది, కుడి చెయ్యి ఒక్కటే కదిలేది. ఓకాయ్ కొత్త కాగితాలు టైపు చేసి ఆసుపత్రికి తెచ్చాడు. అతను మెల్లగా చెప్పాడు, అంపోఫో దక్కేలా లేడు, రెండో డైరెక్టరుగా ఇంకెవరి పేరైనా కావాలని. దుఫియే మొగుడి బొటనవేలికి సిరా రాసి కాగితం దగ్గరికి తెచ్చింది. అతను వేలు ముడుచుకున్నాడు. మళ్లీ తెరిచింది, మళ్లీ ముడిచాడు. తర్వాత ఆ సిరా వేలితోనే వరండా వైపు చూపించాడు.

వరండాలో బ్రేన్యా, చేతికి కట్టుతో, లోపలికి రాలేక నిలబడి ఉన్నాడు.

"అవును, వాడే కొట్టాడు. నాకు తెలుసు. పోలీసులకి చెప్తాను, నువ్వు నిమ్మళంగా ఉండు," అంది దుఫియే.

అంపోఫో తల అడ్డంగా ఊపాడు. వేలితో కాగితాన్ని పొడిచాడు, మళ్లీ వరండా చూపించాడు, మళ్లీ కాగితాన్ని పొడిచాడు. ఆ ఒంటికంట్లో కోపం చూసి ఆమెకు అర్థమైంది. తల పగలగొట్టినవాడి పేరు రాస్తేనే వేలిముద్ర పడుతుంది. లేకపోతే బట్టీ పోతుంది, ఇద్దరు కూతుళ్లు గిన్నె మూతలు పట్టుకుని రోడ్డున పడతారు. దుఫియే అక్కడే కక్కుకుంది. నోరు తుడుచుకుని, రాయమంది. బ్రేన్యా డైరెక్టరు, మూడో వంతు వాటా. అంపోఫో వేలు చాచాడు. ఆ సాయంత్రమే పోయాడు.

పోలీసుల దగ్గరికి ఆమె వెళ్లలేదు. బ్రేన్యా జైలుకు పోతే కాగితం అక్రాలో ఆగిపోతుందని ఓకాయ్ చెప్పాడు. ముద్ర పడేదాకా ఆగుదామనుకుంది. శవం దగ్గర అందరూ అడుగుతుంటే కాలు జారాడనే చెప్పింది. పదహారేళ్ల పెద్దకూతురు పోకువా అడిగినా అదే చెప్పింది. ఆ పిల్ల బ్రేన్యా విరిగిన చెయ్యి చూసి, నాన్నను పట్టుకోబోయి విరగ్గొట్టుకున్నావా బావా అని వాణ్ని పట్టుకుని ఏడ్చింది. రోజూ తన చేత్తోనే వాడికి ఫుఫు ముద్దలు తినిపించింది. అది చూస్తూ కూర్చోవడం దుఫియేకు కాలిన పాదం కన్నా ఎక్కువ మంట.

ఆరో వారంలో ముద్ర పడిన కాగితం వచ్చింది. ఆ మర్నాడే ఓబిరి కూడా వచ్చాడు. నెత్తురంటిన చెయ్యి మామ వారసత్వపు పీట ఎక్కకూడదని వంశం తీర్మానించిందట. వారసుడిగా తన సొంత మేనల్లుణ్ని పెట్టుకున్నాడు. వాడు, ఇంకో ముగ్గురు, గొలుసు, తాళం.

బ్రేన్యా షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. ఓబిరి వాడి చెవి దగ్గరికి వంగి, దుఫియేకు మాత్రం వినపడేలా అన్నాడు. "పక్కకి జరుగు. ఆరు వారాలు నీ గుట్టు దాచా. నోరు విప్పానంటే ఉరే."

"విప్పుకో. ఇది మామది కాదు, కంపెనీది. ఆ కాగితంలో నా పేరుంది. మామ రాయించాడు."

నలుగురూ మీద పడ్డారు. గొలుసు వాడి తల మీద పడింది. విరిగి సరిగ్గా అతకని కుడి చేతిని ఒకడు వెనక్కి మెలిపెట్టి మళ్లీ విరిచాడు. బ్రేన్యా ఎడమ చేత్తో ఒకడి చెవి చీల్చాడు, ఇంకొకణ్ని తలతో కుమ్మి బొగ్గుల కుప్పలోకి తోశాడు. దుఫియే కుంటుకుంటూ వెళ్లి బట్టీలో మరుగుతున్న కుండలోంచి గరిటెడు లోహం తోడింది. దాన్ని ఓబిరి కాళ్ల ముందు, జానెడు దూరంలో, గీత గీసినట్టు పోసింది. ఆయన పంచె అంచు అంటుకుంది. ముసలాయన ఎగిరిన ఎగురుడుకి బయట పోగైన జనం నవ్వారు. దొంగల్లా వచ్చినవాళ్లు తాళం అక్కడే పడేసి పోయారు. ఓబిరి నోరు విప్పలేదు. ఇంటి నెత్తురు దాచినవాడు తానే కదా, ఏమని చెప్పుకుంటాడు?

బట్టీ నిలిచింది. దుఫియే గుమ్మంలో కూలబడి, గెలిచానని అనుకోబోయి, అనుకోలేకపోయింది. అప్పుడే బడి నుంచి వస్తూ, కొట్లాట సంగతి బయట జనం నోట విని పోకువా లోపలికి వచ్చింది. నెత్తురు కారుతున్న బ్రేన్యాని చూసి పరుగెత్తి నీళ్లు తెచ్చింది. వాడి తల తన ఒళ్లో పెట్టుకుని కడగసాగింది.

"నీకేం పట్టింది బావా, నలుగురి మీదకి ఒక్కడివే వెళ్లావు? నాన్న ఉంటే నిన్ను చూసి ఎంత గర్వపడేవాడో."

బ్రేన్యా దుఫియే వైపు చూశాడు. చెప్పొద్దని ఆ చూపు బతిమాలింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పిల్ల ఇలాగే వాణ్ని ప్రేమిస్తుంది, వాడు ఇలాగే పోత పోస్తాడు, బట్టీ ఇలాగే నడుస్తుంది. అన్నీ చేతికి అందాయి. దుఫియేకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"దానికి చెప్పు," అంది. "మీ మామని ఎవరు కొట్టారో నువ్వే చెప్పు. తర్వాత నేను చెప్పాల్సింది నేను చెప్తా."

వాడు చెప్పాడు. చొక్కా దగ్గర్నించి, గరిటె కాడ దాకా, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. పోకువా కడగడం ఆపేసింది. వాడి తల ఒళ్లోంచి తీసి జాగ్రత్తగా నేల మీద పెట్టింది. లేచి తల్లి ముందుకు వచ్చింది.

"నీకెప్పట్నించి తెలుసు?"

"మొదటి రోజు నుంచి. నేనక్కడే ఉన్నా. మీ కోసం, ఈ కాగితం వచ్చేదాకా ఆగానే."

పోకువా తల్లి చెంప మీద కొట్టింది. రెండోసారి కొట్టింది. దుఫియే చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మూడో దెబ్బకు పిల్ల చెయ్యి ఆగిపోతే, ఆమె ఆ చేతిని పట్టుకుని పోలీసు స్టేషను వైపు కుంటుతూ నడిచింది. బ్రేన్యా లేచి వాళ్ల వెనకే నడిచాడు.