మునిగిన సరుకు ఎవరిది?

పెట్టెను బల్ల మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది మార్లిస్.

"ఏమిటే ఇది? పేరు లేదు, మూత మీద బొమ్మైనా లేదు," అంది రొవీనా, దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"పాత సామాన్ల కొట్లో దొరికింది. ఎవరో ఇంట్లో చేసుకున్న ఆటలా ఉంది."

పచ్చి అబద్ధం. ఆ చెక్క పడవలు చెక్కింది, కార్డుల మీద సుపీరియర్ సరస్సును గీసింది మార్లిసే. ఆ సరస్సు ఒడ్డునే ఉన్న డులూత్‌లో స్కూలు బస్సు నడుపుతూ, బడి వదిలేదాకా డ్రైవరు సీట్లో కూర్చుని, కొన్ని చలికాలాల పాటు చేసిన ఆట అది. అది తన ఆటేనని తెలిస్తే స్నేహితులిద్దరూ మొహమాటానికి మెచ్చుకుంటారు. ఆమెకు కావలసింది నిజం. ఈ బల్ల దగ్గర నెగ్గితే రేపే ఆటల కంపెనీకి పంపుతుంది. లేదా అటకెక్కిస్తుంది.

ఓరిన్ రూల్స్ కాగితం లాక్కున్నాడు. ఆదివారం మధ్యాహ్నాల్లో కొత్త ఆట వివరించే పెత్తనం అతనిదే. సగం చదివి, మిగతా సగం ఊహించుకోవడం అతని అలవాటు. కార్డులకు జిడ్డంటకుండా చిప్స్‌ని చాప్‌స్టిక్స్‌తో తింటూ మొదలుపెట్టాడు.

"వినండి. ఇనుప ఖనిజం పడవకెక్కించి రేవు చేర్చాలి. ఎంత ఎక్కిస్తే అన్ని పాయింట్లు. ఎక్కించినప్పుడల్లా ఒక కార్డు తియ్యాలి, తుఫాను కార్డొస్తే పడవ గోవిందా. సరుకంతా మీ ఎడమపక్కవాళ్ళకి."

మార్లిస్ రాసిన రూలు అది కాదు. మునిగిన సరుకు తిరిగి పెట్టెలోకి పోవాలి! ఎడమపక్కకు పోయేది పోయిన వారం ఆడిన ఆటలో. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించాడు మహానుభావుడు.

"సరిగ్గా చదివావా ఓరిన్?"

"నేనెప్పుడైనా తప్పు చెప్పానా?"

"చెప్పని రోజేదో గుర్తు చెయ్యి," అంది రొవీనా. "సరే, పంచు."

నోరు విప్పితే గుట్టు బయటపడుతుంది. విప్పకపోతే తన ఆట కళ్ళ ముందే పాడవుతుంది. మార్లిస్ కార్డులు అందుకుంది.

ఓరిన్ ఆశపోతు. వరసగా ఖనిజం ఎక్కిస్తూనే ఉన్నాడు. అతని ఎడమపక్కన కూర్చున్న రొవీనా కళ్ళు మెరిశాయి.

"ఎక్కించు నాయనా, ఇంకొక్కటి. ఎంత ముద్దొస్తున్నావో!"

"నా చావు కోసం కాచుక్కూచున్నావా?"

"నీ చావు నాకెందుకు? సరుకు చాలు."

తుఫాను వచ్చింది. ఓరిన్ గావుకేక పెట్టాడు. రొవీనా రెండు చేతులతో ఖనిజం తన వైపుకు ఊడ్చుకుంది. కానీ రొవీనాకి ఎడమపక్కనున్నది మార్లిస్.

"ఆగకు రొవీనా! గాలి నీ వైపే ఉంది, ఇంకో రెండు వేసుకో," అంటున్న గొంతు తనదేనని కాసేపటికి గానీ మార్లిస్‌కు తెలియలేదు. ఇంట్లో ఒంటరిగా ఆడి చూసుకున్నప్పుడు ఎవరి పడవ మునిగినా ఏమీ అనిపించేది కాదు. ఇప్పుడు ఒక పడవ మునుగుతుంటే ముగ్గురూ కుర్చీల్లోంచి లేస్తున్నారు.

ఆట ముగిసింది. ముక్కలు పెట్టెలో సర్దేముందు తలా ఒక మాట చెప్పి తీరాలన్నది వాళ్ళ కట్టుబాటు. రొవీనా మాటంటే అందరికీ హడలు. పోయిన వారం ఆటను 'దంతవైద్యుడి దగ్గర వరసలో కూర్చున్నట్టుంది' అని తేల్చేసింది.



"పడవలు ముద్దుగా ఉన్నాయి. రేవు కార్డులు కాస్త ఎక్కువయ్యాయి," అంది రొవీనా. "కానీ ఆ మునిగిన సరుకు పక్కవాళ్ళకి పోవడం ఉంది చూశావూ, ప్రాణమంతా అక్కడుంది. ఆ రూలు రాసిన చేతికి ముద్దు పెట్టాలి."

"అయితే పెట్టు," అంది మార్లిస్. "ఆ చేతిలో చాప్‌స్టిక్స్ ఉన్నాయి."

ఓరిన్ నోటి దాకా వెళ్ళిన చిప్ ఆగిపోయింది. కాగితం తీసి మళ్ళీ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"పెట్టెలోకి... అని ఉందే! నీకు ముందే తెలుసా?"

"రాసినదాన్ని, తెలియకేం?"

రొవీనా బల్ల గుద్ది నవ్వింది. "దొంగ మొహమా! పాత సామాన్ల కొట్టా?"

మార్లిస్ పెన్సిల్ తీసి తన రూలు కొట్టేసి, ఓరిన్ రూలు రాసింది. తలెత్తేసరికి రొవీనా ముక్కలన్నీ మళ్ళీ పరుస్తోంది.

"ఇంకో ఆట!"

"ఆడదాం. కానీ నువ్వు అక్కడ్నించి లే," అంది మార్లిస్. "ఓరిన్‌కి ఎడమపక్క కుర్చీ ఈసారి నాది."