చప్పిడి కూర

2003 మే నెల, శనివారం, ఉదయం ఆరుంబావు. గాలి లేదు, ఆకాశంలో మబ్బు తునక లేదు, రాత్రి ఉక్క ఇంకా తగ్గలేదు. కంచిలి దగ్గరి ఆ ఊళ్లో జీవరత్నమ్మ ఎప్పటిలాగే కొబ్బరి బొండాం పట్టుకొని పొరుగింటి జగదీశ్వరరావు గుమ్మం ముందు నిలబడింది.

నాలుగేళ్ల క్రితం తుఫానులో ఆమె పూరిల్లు కూలినప్పుడు ఆమె కుటుంబం తలదాచుకున్నది ఆయన అరుగు మీదే. ఆ మేలు ఆమె మరువలేదు. ఇప్పుడాయనకు కిడ్నీలు చెడి, కాళ్లూ మొహమూ వాచాయి. ఏదైనా చేద్దామంటే, ఆ ఇంట్లో ఆమె చేతి కూడు గానీ నీళ్లు గానీ ముట్టరు. బొండానికి మాత్రం ఆ పట్టింపు లేదు. కాయలోని నీళ్లను ఎవరి చెయ్యీ తాకదు. పైగా ఆ ఉద్దానం ప్రాంతంలో జబ్బు మనిషిని చూడబోయేవారెవరైనా పట్టుకెళ్లేది అదే. అందుకని తుఫానుకు తట్టుకున్న ఒక్క చెట్టు కాయలను ఆమె ప్రార్థన చేసి మరీ తెచ్చేది.

ముందురోజే ఆయనను విశాఖపట్నం ఆసుపత్రిలో చూపించి తిరిగొచ్చిన భార్య గౌరీశ్వరి గడపలోనే ఆపింది.

“ఇంక తేవొద్దే రత్నం. ఈ జబ్బుకి బొండాం నీళ్లు విషమంట. గుండె ఆగిపోతాదని డాక్టరు సెప్పాడు.”

“ఇన్నాళ్లూ నానే పోసినానా అమ్మా?”

“నీకేటి తెల్సు, మాకేటి తెల్సు.”

జీవరత్నమ్మ ఆ గుమ్మం వైపు వెళ్లడం మానేసింది. ఆదివారం చర్చిలో మోకరించినా ప్రార్థన సాగలేదు. తన దగ్గర ఉన్నదేదో, వాళ్లు పుచ్చుకునేదేదో చూసుకుందే తప్ప, ఆయనకు ఏది కావాలో ఒక్కనాడైనా అడిగిందా? అడగకుండా ఇచ్చి, అదే పొరుగువారి మీద ప్రేమ అనుకుంది.

సోమవారం పొద్దున్నే గౌరీశ్వరి, ఎన్నడూ లేనిది, ఆమె గుమ్మంలోకి వచ్చింది.

“ఉప్పు మానమన్నారే. కంచం తోసేత్తన్నారు. నిన్నంతా ఏటీ తిన్లేదు. రత్నం ఎందుకు రాలేదని మాత్రం అడుగుతన్నారు. డాక్టరు బొండాం వద్దన్నాడు గానీ నిన్ను వద్దన్లేదు కదే.”

“బాబుకేటి పెట్టమన్నారమ్మా?”

“అన్నం, చప్పిడి బీరకాయ కూర.”

జీవరత్నమ్మ ఆమె వెంట నడిచింది. అరుగు మీద జగదీశ్వరరావు ముందు కంచం అలాగే ఉంది.

“సూడవే, పశువుకైనా కుడితిలో ఉప్పేత్తారు,” అన్నాడాయన.

“అయితే నానూ అదే తింతాను బాబూ. ముందెవులు ముగిత్తారో సూద్దాం.”

గౌరీశ్వరి ఒక క్షణం ఆగింది. ఆపైన, కూలీల కోసం వసారాలో బోర్లించి ఉంచే పళ్లెం కాకుండా, లోపలి నుంచి ఇంటి కంచమే తెచ్చి, అదే గిన్నెలోంచి వడ్డించింది. జీవరత్నమ్మ అరుగు కింద కూర్చొని, మొహం చిట్లించకుండా తినసాగింది. ఆయన ఆమెనే చూస్తూ ఒక ముద్ద, దాని వెనక ఇంకో ముద్ద మింగాడు.

“రేపట్నించి నువ్వే వండుకురా,” అన్నాడు చివరికి. “మీ అమ్మగారు జాలిపడి సిటికెడు ఉప్పేసేత్తాది. నీకా జాలి లేదు.”

గౌరీశ్వరి తల తిప్పుకొంది, కాదనలేదు.

జగదీశ్వరరావు మరో మూడున్నరేళ్లు బతికి 2006 చివరలో పోయాడు. జీవరత్నమ్మ ఇంట్లో కూరకు ఉప్పు నేటికీ తక్కువే.