అమావాస్య నాటి రీడింగు

ఆడిట్ వాళ్లు గద్వాల వస్తున్నారని కబురందిన రోజు నుంచి ఆ ఆఫీసులో అందరికీ పనిమీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. ఏడాదిగా తలుపు తీయని బీరువాలు తెరుచుకున్నాయి. పదకొండింటికి వచ్చే పెద్దమనుషులు తొమ్మిదిన్నరకే కుర్చీల్లో ఉంటున్నారు. పర్యావరణ పథకాల కార్యాలయం అని బోర్డు మాత్రం బారెడు, లోపల ఉన్నది రెండు గదులు, నలుగురు మనుషులు. ఆ నలుగురిలో చిన్న ఉద్యోగం కౌసర్‌ది. పెద్ద భయమూ ఆమెదే.

వనపర్తిలో మూడు రోజులున్నారట, పాన్‌గల్ దాకా పోయి నాటిన మొక్కలను ఒక్కొక్కటీ తడిమి చూశారట, నాగర్‌కర్నూల్‌లో భోజనం కూడా ముట్టలేదట. ఇలాంటి వార్తలు మోసుకొచ్చేవాళ్లకు కొదవేముంది! వింటున్నకొద్దీ కౌసర్‌కు అన్నం సహించడం మానేసింది.

ఆమె పని అద్దకం వాడలో. గద్వాల చీరలకు నూలు, పట్టు రంగులద్దే పదకొండు కుటుంబాలు ఆ వాడలో ఉన్నాయి. వాళ్ల కాగుల్లోంచి పారబోసిన రంగునీళ్లు పైపులగుండా వాడ చివరి షెడ్డుకు చేరతాయి. అక్కడి మోటరు ఆ నీళ్లను ఇసుక తొట్ల మీదుగా నడిపి శుభ్రం చేసి బయటికి వదులుతుంది. ప్రభుత్వం కట్టించిన షెడ్డు అది. రోజూ పొద్దున పదింటికి కౌసర్ తాళం తీసి, బయటికొచ్చే నీళ్లను పరీక్షించి, వచ్చిన అంకెను రిజిస్టరులో రాయాలి. అదే అంకెను వాడవాళ్ల ఫోన్లకూ పంపాలి. ఏడుకు అటూ ఇటూగా ఉంటే నీళ్లు బాగున్నట్టే లెక్క.

మొన్న ఏప్రిల్ మొదట్లో ఆ మోటరు కాలిపోయింది. కౌసర్ పరుగున పోయి ఇంజనీరు జయపాల్‌కు చెప్పింది.

"కాయితం పెడితే పైనోళ్లు వంద ప్రశ్నలడుగుతరు. నేనే మెల్లగ బాగుచేయిస్త," అన్నాడాయన. "అందాక జర నడిపియ్యి."

"మోటరే లేకుంటె ఎట్ల నడిపియ్యాలె సార్?"

"రోజు రాస్తున్నవు గద, గట్లనే రాయి." ఆమెవైపు చూడకుండానే అన్నాడు. "షెడ్డు బందయితే పథకం బందు. పథకం బందయితే నీ కాంట్రాక్టు బందు. గంతే."

డిగ్రీ పట్టా పట్టుకొని నాలుగేళ్లు తిరిగి తిరిగి తెచ్చుకున్న ఉద్యోగం అది. తండ్రి షరీఫ్‌కు చూపు మందగించి కుట్టుమిషను మూలకు చేరాక, ఇంట్లో నెలనెలా జీతమన్నది ఆమె ఒక్కతెదే. రాసింది. ఆఫీసులో కూర్చొని ఒకరోజు ఏడు పాయింట్ రెండు, ఒకరోజు ఏడు పాయింట్ మూడు. మొదటి రోజు ఆ ఒక్క అంకె రాయడానికి అరగంట పట్టింది. వారం తిరిగేసరికి అర నిమిషం కూడా పట్టలేదు. అదే సిగ్గుపడాల్సిన సంగతి. జూన్‌లో మోటరు బాగై వచ్చింది, కౌసర్ మళ్లీ షెడ్డుకు పోవడం మొదలుపెట్టింది. మధ్యలో జరిగింది ఆమెకూ జయపాల్‌కూ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఆగస్టులో ఆడిట్ అధికారి మధుసూదన్ వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. ఆఫీసులో వేసిన కుర్చీ కాదని, "షెడ్డు దగ్గరే కూర్చుందాం, కాగితాలు అక్కడికే తీసుకురండి," అన్నాడు. ఆ మెత్తదనం చూసే కౌసర్ మరింత హడలిపోయింది.

షెడ్డు ముందు బల్ల వేశారు. ఆయన రిజిస్టరు తెరిచి మొదటి పేజీ నుంచి చదవసాగాడు. పేజీ తిప్పే ముందు వేలు అడుగు దాకా తెచ్చి ఒక క్షణం ఆగుతాడు. ఆ క్షణం కౌసర్‌కు ఏడాదంత. నవంబరు అయింది, డిసెంబరు అయింది. జనవరి పేజీ కింద తన చేతిరాతే ఆమె కంటపడింది.

"అమావాస్య. కాగులు పెట్టలేదు. నీళ్లు రాలేదు."

అమావాస్యనాడు నేతగాళ్లు మగ్గం ముట్టరు, అద్దకంవాళ్లు పొయ్యి వెలిగించరు. తాతల నాటి నుంచి ఆ వాడలో అదే పద్ధతి. షెడ్డుకు వచ్చిన ప్రతినెలా ఆ ఖాళీ తొట్టి చూసి, ఆ మాటే రాసుకుంటూ వచ్చింది. మరి ఏప్రిల్‌లో? మేలో? ఆ రెండు నెలలూ ఒక్క రోజు కూడా వదలకుండా నింపింది! నెలవంక కోసం తల్లి కుబ్రా బేగం మేడెక్కి ఆకాశం వెతికే ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల, చంద్రుడు లేని రోజును మరిచిపోయింది. నిజంగా వచ్చి రాసిన నెలలే ఇప్పుడు దొంగ నెలలను పట్టిచ్చేలా ఉన్నాయి.

మధుసూదన్ మార్చి తిప్పాడు. ఏప్రిల్ మీద వేలు దిగింది, ఆగింది, పేజీ తిరిగింది. మే కూడా తిరిగింది. యా అల్లా, గట్టెక్కానా అనుకుంది కౌసర్. జయపాల్ టీ తెమ్మని ఎవరికో సైగ చేశాడు.

జూన్ పేజీ అడుగున మళ్లీ కనిపించిన 'అమావాస్య' అన్న మాట దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. మే వెనక్కి తిప్పాడు. ఏప్రిల్ తిప్పాడు. మళ్లీ జనవరికి పోయాడు.

"ఇక్కడ ఎవరింట్లోనైనా తెలుగు క్యాలెండర్ ఉందా?" అని అడిగాడు.

ఎదురింటి గోడమీది క్యాలెండర్ వచ్చింది. ఆయన నల్లచుక్కలున్న తేదీలను రిజిస్టరుతో సరిచూసి, కళ్లద్దాలు తీసి కౌసర్‌ను చూశాడు.

"ప్రతి అమావాస్యకూ నీళ్లు రాలేదని రాశావమ్మా. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎలా వచ్చాయి?"

కౌసర్ కంటే ముందే జయపాల్ అందుకున్నాడు. "పెండ్లిళ్ల సీజను గద సార్, పని ఎక్కువుండె. కాగులు పెట్టిండ్రేమో."

"అయితే వాళ్లనే అడుగుదాం. ఈ వాడకు పెద్ద ఎవరు?"

బాలకిష్టయ్య వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, మోచేతుల దాకా నీలిరంగు. వెనకే ఆయన భార్య సుగుణమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు. ఎండలో వచ్చిన కౌసర్‌ను ఏ రోజూ మజ్జిగ ఇవ్వకుండా పంపని ఇల్లు అది. మధుసూదన్ అదే ప్రశ్న ఆయన్నూ అడిగాడు. ముసలాయన రిజిస్టరును చూశాడు, కౌసర్ ముఖం చూశాడు. పిల్ల రెండు రోజులు పని ఎగ్గొట్టి చిక్కులో పడ్డదని ఆయనకు అర్థమైంది. ఆయనకు అర్థమైంది అంతవరకే.

"పెట్టినం సార్," అన్నాడు. "ఆ రెండు అమావాస్యలకు కాగులు పెట్టినం."

"ఏం మాట్లాడుతున్నవయ్యా!" సుగుణమ్మ నోరు తెరిచింది. "మనం అమావాస్యకు ఎన్నడు పొయ్యి ముట్టిచ్చినం?"

"నీకు తెల్వదు, ఊకో."

ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. వాడ పెద్దే కట్టు తప్పానని పదిమంది ముందు ఒప్పుకున్నాడు. ఈ మాట సాయంత్రానికల్లా గద్వాలలో ప్రతి మగ్గం దగ్గరా నలుగుతుంది.

"ఇది రాసి సంతకం పెట్టగలరా?" అడిగాడు మధుసూదన్.

"పెడ్త సార్. దానికేముంది?" నీలిచేతిని ధోవతికి తుడుచుకొని పెన్ను అందుకున్నాడు.

కౌసర్ చూస్తూ ఊరుకుంటే గండం గడిచేది. కాంట్రాక్టు నిలిచేది. జయపాల్ ముఖంలో అప్పటికే వెలుగు వచ్చింది కూడా. కాని తన అబద్ధం కింద ఆ ముసలాయన పేరు పడబోతుంటే ఆమె ప్రాణం ఒప్పలేదు. గబుక్కున ముందుకొచ్చి కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు తాతా, సంతకం పెట్టకు. అబద్ధం సార్, అమావాస్యకు వీళ్లు పొయ్యి వెలిగియ్యలె. నేనే రాసిన. ఆ రెండు రోజులే కాదు. మోటరు కాలిపోయిండె సార్. రెండు నెలలు నేను ఈ తాళమే తియ్యలె. అన్ని ఆఫీసుల కూసోని రాసిన. జయపాల్ సార్ రాయమన్నరు, నేను రాసిన."

జయపాల్ ఏదో ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకొని అవతలికి నడిచాడు. కౌసర్ ఏడుస్తోంది. అయినా లోపలెక్కడో బరువు దిగినట్టుంది. పోతే ఉద్యోగం పోతుంది, ఇంతకంటే ఏమవుతుంది అనుకుంది.

మధుసూదన్ రాసుకోవడం ఆపి అడిగాడు. "మోటరు లేకపోతే రెండు నెలల రంగునీళ్లు ఎటుపోయాయి?"

కౌసర్ షెడ్డు తాళం వైపు చూసింది. ఆ రెండు నెలలూ వచ్చి చూస్తే కదా తెలిసేది.

జవాబు బాలకిష్టయ్య చెప్పాడు. గొంతు బొత్తిగా తగ్గిపోయింది. "తొట్టి నిండి ఎనక గుంతలకు పొర్లినయి సార్. షెడ్డుల కడిగి ఇడిసిన నీళ్లే గద అనుకున్నం. ఆ గుంత పక్కనే మా బోరు." కౌసర్ వైపు తిరిగాడు. "ఎండకాలం నల్లా రాకపాయె బిడ్డా, వాడంత ఆ బోరు నీళ్లే తాగినం. జర వగరు కొడుతున్నయి, తాగొద్దని సుగుణ మొత్తుకున్నది. నువ్వు మా ఇంటి దిక్కు రాకున్నా అంకె రోజు వస్తుండె, షెడ్డు కాడికి వచ్చి పోతున్నవనుకున్నం. నేనే ఫోన్ల ఆ అంకె చూపిచ్చిన. కౌసర్ పరీక్ష చేసి పంపింది, ఏం కాదు, తాగుండ్రి అన్న."

కౌసర్‌కు ఏడుపు కూడా ఆగిపోయింది. ఉద్యోగం గురించి ఇన్ని రాత్రులు ఆలోచించింది గాని, ఆ అంకెను నమ్మి ఎవరో గ్లాసు ఎత్తుతారన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

"ఆ బోరు నీళ్లు ఇప్పుడే పరీక్ష చేయాలి," అన్నాడు మధుసూదన్ లేచి నిలబడుతూ. "సామాను ఉందా?"

"ఉన్నది సార్, నేను చేస్త." కౌసర్ ముఖం తుడుచుకొని, సంచిలోంచి గాజుసీసా తీసి బోరువైపు రెండడుగులు వేసింది.

"ఆమె వద్దు సార్," అంది సుగుణమ్మ. ఆ గొంతులో కోపం లేదు. "ఇంకొకర్ని పిలిపియ్యుండ్రి."

కౌసర్ సీసాను బల్లమీద పెట్టేసింది.